గొర్రెలకు మూతి వాచి కుంటుతుంటే గాలికుంటేనా? మా మందలో జరిగింది చెబుతాను

అన్నా, మీ 40 జీవాల్లో ఆరింటికి మూతి వాచింది, ముక్కు కారుతోంది, రెండు కుంటుతున్నాయి, ఊళ్లో అందరూ గాలికుంటు (నోట్లో, గిట్టల మధ్య బొబ్బలొచ్చే అంటురోగం) అంటున్నారు, బాగున్నవాటిని వేరే ఊరికి తోలేయాలా అని అడిగారు. తోలకండి. మీరు చెప్పినవి చూస్తే ఇది గాలికుంటు కంటే మూతివాపు రోగం (బ్లూటంగ్) లాగే ఉంది. జబ్బు తగిలిన మందను నడిపించడమే మేము చేసిన మొదటి తప్పు.

మాది మహబూబ్‌నగర్ వైపు. నాన్నకు 70 దాకా గొర్రెలు ఉండేవి, ఎక్కువ దక్కనీ జాతి, కొన్ని నెల్లూరు జొడిపి జాతి. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, దసరా వెళ్లాక చెరువు కింద పొలంలో మంద పెట్టాం. వారం పది రోజులకు ఒక గొర్రె మేత మానేసి పక్కకు నిలబడింది. మర్నాటికి పెదవులు, దవడ కింద వాపు, నోట్లోంచి చొంగ, ముక్కు చుట్టూ చీమిడి ఎండి పెచ్చులు కట్టింది. మూడో రోజుకు అలాంటివి ఎనిమిది. గాలికుంటే అనుకున్నాం, ఎండలో గిట్టలు ఆరితే తగ్గుతుందని మంద మొత్తాన్ని రాళ్ల మిట్ట మీదికి తోలాం. ఆ నెలలో 13 పోయాయి, అందులో 4 చూడి గొర్రెలు.

చివరికి పశువైద్యుడు వచ్చి జ్వరం చూస్తే 106 డిగ్రీలు. గిట్టకు పైన, చర్మం కలిసే చోట ఎర్రగా ఊదా రంగులో పట్టీలా కనిపించింది, అది చూపించి ఇది మూతివాపు రోగం, బ్లూటంగ్, అన్నారు. నీలి నాలుక అని పుస్తకాల్లో రాస్తారు గానీ మా మందలో నాలుక నీలంగా మారింది ఒక్కదానికే, కాబట్టి నాలుక ఎర్రగానే ఉంది కదా, ఇది అది కాదులే అనుకోకండి. గాలికుంటు అయితే గిట్టల మధ్య, నోట్లో బొబ్బలు వస్తాయి, ఊళ్లో ఆవులూ ఎడ్లూ కూడా కుంటుతాయి. మా ఊళ్లో పశువులన్నీ హాయిగా మేస్తున్నాయి, గొర్రెలే పడిపోతున్నాయి. ఆ తేడా అప్పుడే గమనించి ఉంటే బాగుండేది. పారుడు రోగానికి (పీపీఆర్, గొర్రెలకూ మేకలకూ వచ్చే ఇంకో వైరస్ జబ్బు) కూడా నోట్లో పుండ్లు, ముక్కు కారడం ఉంటాయి, కానీ విరేచనాలు ఎక్కువ, మేకలు కూడా బాగా దెబ్బతింటాయి. కచ్చితంగా తేలాలంటే జ్వరం మీద ఉన్నప్పుడే రక్తం తీయించి ల్యాబ్‌కు పంపమని డాక్టరును అడగండి.

ఇది గొర్రె నుంచి గొర్రెకు ఒరుసుకుంటే అంటుకునే రోగం కాదు. నుసి లాంటి చిన్న దోమలు మోస్తాయి, డాక్టర్లు క్యూలికాయిడ్స్ అంటారు, రెండు మూడు మిల్లీమీటర్లు కూడా ఉండవు. పేడ కలిసిన బురదలో, తడి మట్టిలో పుడతాయి, పొద్దుగూకే వేళ, తెల్లవారే ముందు కుడతాయి. ఆవులు, బర్రెల ఒంట్లో ఈ వైరస్ వారాల తరబడి ఉంటుంది, వాటికి పైకి ఏమీ కనిపించదు. దోమ వాటిని కుట్టి వచ్చి గొర్రెను కుడుతుంది, వారం అటూ ఇటూగా జ్వరం మొదలవుతుంది. అంటే మీకు ఈరోజు మూతి వాచి కనిపించిన గొర్రెను దోమ పోయిన వారమే కుట్టింది. బాగున్నట్టు కనిపించేవాటిలో కూడా కొన్నింటికి ఇప్పటికే ఎక్కి ఉండొచ్చు, నడిపిస్తే అవి దారిలో పడిపోతాయి, కొత్త ఊరి దోమలకు వైరస్‌ను మనమే అందించినట్టు అవుతుంది.

వైరస్‌ను చంపే మందు లేదు. డాక్టరు ఇచ్చే యాంటీబయాటిక్ న్యుమోనియా లాంటివి ముదరకుండా, జ్వరం ఇంజెక్షన్ కాస్త మేత ముట్టేలా చేస్తాయి. గొర్రెను నిలబెట్టేది మనం చేసే సేవే. నీడలో ఉంచండి, ఎండ తగిలితే ఇంకా చెడుతుంది. లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లతో మూతి, నోరు కడిగి నోటి పుండ్లకు రాసే బోరోగ్లిజరిన్ రాయండి. గట్టి మేత నమలలేదు, రాగి జావ, గంజి, లేత పచ్చిగడ్డి ముందు పెట్టండి. తల పైకెత్తి సీసాతో బలవంతంగా పోయకండి, ఈ రోగంలో గొంతు కండరాలు కూడా దెబ్బతింటాయి, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాకు రెండు గొర్రెలు అలాగే పోయాయి, పోసింది నేనే. ఇంకోటి, ఊళ్లో సూదులు వేసే ఒకాయన మంద మొత్తానికి ఒకే సూది వాడాడు. రక్తం అంటిన సూదితో కూడా ఇది పాకుతుంది, ప్రతి జీవానికి కొత్త సూది అడగండి, మొహమాటం వద్దు.

చీకటి పడక ముందే మందను బురద నేల నుంచి దగ్గర్లోనే గాలి ఆడే పొడి మిట్టకు మార్చండి, పశువుల కొట్టం పక్కన కట్టొద్దు. పొద్దుగూకేటప్పుడు వేపాకు పొగ పెట్టండి. ఒంటి మీద చల్లే దోమల మందు డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడండి.

టీకా ఉంది. మన దేశంలో తయారైందే, 1, 2, 10, 16, 23 అనే ఐదు రకాల వైరస్‌లకు పనిచేస్తుంది. దేశంలో 20కి పైగా రకాలు తిరుగుతున్నాయి, ఒక రకానికి వేసింది ఇంకో రకాన్ని పూర్తిగా ఆపదు, అయినా వేయించాల్సిందే. ఇప్పుడు రోగం మందలో ఉండగా వేస్తే జబ్బు పడ్డవాటికి ఏమీ ఒరగదు. వానాకాలం మొదట్లోనే వేయించాలి, మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే ఎక్కువ ప్రమాదం. మేము అప్పటి నుంచి ఏటా ముందే వేయిస్తున్నాం. ఒక ఏడాది నాలుగింటికి వచ్చింది గానీ ఒక్కటీ చావలేదు.

మనుషులకు ఇది రాదు, పిల్లలు దొడ్డిలోకి వెళ్లినా భయం లేదు. రోగం సంగతి తెలిసి బేరగాళ్లు సగం ధరకు అడుగుతారు, టెన్షన్‌లో అమ్మేయకండి. మేము అలా అమ్మిన ఐదూ అవతల మందలో కోలుకున్నాయి. కోలుకున్నాక ఉన్ని ఊడుతుంది, పొట్టేళ్లు కొన్నాళ్లు జతకట్టవు, రెండు మూడు నెలల్లో మామూలవుతాయి.

ఇప్పుడే 1962కు (సంచార పశువైద్య సేవ నంబరు) ఫోన్ చేసి పశువైద్య బండి పిలిపించండి. ఆ కుంటే రెండూ ఈ రాత్రి గంజి ముట్టాయో లేదో, రేపు జ్వరం ఎంత ఉందో ఇక్కడే రాయండి, నేను చూస్తూ ఉంటాను.