మట్టికి సౌరభం ఉంటుందా?

సందేహం: అట్టపెట్టె మీద ‘తొలకరి మట్టి సౌరభం’ అని చూసి ఒక సువాసన కొవ్వొత్తి కొన్నాను. ఇంటికి తెచ్చి వెలిగిస్తే ఒంటిసబ్బు వాసన వచ్చింది. పెట్టె వెనక సుగంధం, పరిమళం, గుబాళింపు అని కూడా రాశారు. ఇవన్నీ ఒకటేనా? ‘మట్టి వాసన’ అంటే తప్పా?

సమాధానం: తప్పు కాదు. పెట్టె మీద ఉండవలసిన మాట అదే. సౌరభం ‘సురభి’ నుంచి వచ్చింది. వాసన ఇంపుగా ఉందని మెచ్చుకుంటుందే కాని దేని వాసనో చెప్పదు. సుగంధమూ అంతే. పరిమళానికి మాత్రం ఒకప్పుడు కచ్చితమైన అర్థం ఉండేది. రాపిడి వల్ల పుట్టి జనుల మనసు దోచే గంధాన్ని అమరకోశం పరిమళం అన్నది. సానమీద గంధపుచెక్క అరగదీసినప్పుడు, మరువపు రెమ్మను వేళ్ల మధ్య నలిపినప్పుడు వచ్చేది అది. మరీ దూరం వ్యాపించేదాన్ని ఆమోదం అన్నది. ఇప్పుడు ఆమోదం మంత్రివర్గం తెలుపుతోంది, పరిమళం ఎవరికి పడితే వారికి దొరుకుతోంది.

గుబాళింపు చక్కని తెలుగు మాట, కాని జోరున్న మాట. మల్లెల గంప వీధిలోకి రాగానే ఇంట్లో ఉన్నవారికి తెలియాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప తెలియని కొవ్వొత్తికి అది చెల్లదు.

మరి వాసన అనడానికి జంకు ఎందుకు? ఒంటరిగా వాడితే ఆ మాట చెడు వైపు ఒరుగుతుంది. ‘పప్పు వాసన వస్తోంది’ అంటే పారబోయవలసిందే. కంపు అలాగే చెడింది. పాత తెలుగులో అది సువాసనకూ చెల్లేది, కన్నడంలో ఇప్పటికీ కంపు అంటే పరిమళమే. కాని వాసనకు ముందు ఇంకో మాట చేర్చి చూడండి: పచ్చి వాసన, మాడు వాసన, నీచు వాసన, ముక్క వాసన, దీపం ఆరినప్పటి కమురు వాసన. వినగానే ముక్కుకు తెలిసిపోతుంది. ‘పచ్చి వాసన పోయేదాకా వేయించాలి’ అనే వంటింటి మాటలో సౌరభం పెట్టి చదవండి, నవ్వొస్తుంది.

వాన పడ్డాక నేల నుంచి వచ్చే వాసనకు ముఖ్యకారణం మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే ఒక పదార్థం. 1965లో శాస్త్రజ్ఞులు దానికి గ్రీకు మాటలతో జియోస్మిన్ అని పేరు పెట్టారు. అర్థం అచ్చంగా ‘మట్టి వాసన’. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని నీళ్లలో మరిగించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి పట్టి అత్తరు చేస్తారు. దాన్ని కూడా మట్టి అత్తరు అనే పిలుస్తారు.

కొవ్వొత్తిని దుకాణంలో వాసన చూస్తే ఒక తీరు, వెలిగిస్తే మరో తీరు. నిమ్మలాంటి తేలిక వాసనలు ముందే ఆవిరైపోతాయి, బరువైనవి మిగులుతాయి. కాబట్టి తయారీదారుది పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు. అన్నట్టు, కొవ్వొత్తి అంటే కొవ్వుతో చేసిన ఒత్తి. ఇప్పుడు ఎక్కువగా పారఫిన్ మైనంతో చేస్తున్నా ఆ పేరు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

మీరు రాసిన ‘ఒంటిసబ్బు వాసన’ మాత్రం ఆ పెట్టె మీది మాటలన్నిటి కంటే మంచి తెలుగు. ‘వచ్చింది’ అని మర్యాదగా అన్నారు. విసుగు తీరకపోతే ‘కొట్టింది’ అనండి, అదీ ఒప్పే.