జొటెరోలో మార్చిన స్టైల్ మళ్ళీ పాతదైపోతుంటే

నమస్తే అండి. రిఫరెన్సుల్లో నలుగురూ ఆపైన రచయితలుంటే మొదటి పేరు తర్వాత ఇటాలిక్‌లో 'ఎట్ ఆల్' (అంటే 'మరికొందరు') పెట్టమని మీ చెన్నై గైడ్ అన్నారు. మీరు రిఫరెన్సులు దాచే సాఫ్ట్‌వేర్ జొటెరోలో ఏపీఏ స్టైల్‌ను (రిఫరెన్సులు రాసే ఒక ప్రామాణిక పద్ధతి) అలా మారిస్తే కొన్నాళ్ళకే మొదటికొస్తోంది, తమిళ సహరచయితల పేర్లూ తిరగబడుతున్నాయి, అంతే కదా?

టెన్షన్ వద్దు. మీరు మార్చిన స్టైల్‌కు ఐడీ పాతదే ఉండటంతో జొటెరో దాన్ని అసలు ఏపీఏ అనుకుంటుంది. అప్‌డేట్ రాగానే మీ మార్పులు గల్లంతు! స్టైల్ ఎడిటర్‌లో పైనున్న టైటిల్, ఐడీ రెండూ మార్చి, 'సెల్ఫ్' లింక్ (అసలు స్టైల్ వెబ్ చిరునామా) తీసేసి సేవ్ చేయండి. టైటిల్ ఒక్కటే మారిస్తే లాభం లేదు.

ఇక అదే ఎడిటర్‌లో బిబ్లియోగ్రఫీ (చివర వచ్చే రిఫరెన్సుల జాబితా) ట్యాగ్. ఏపీఏ 7లో (ఏడో ఎడిషన్) ఎట్-ఆల్-మిన్ (ఎంతమంది ఉంటే కుదించాలో) 21, ఎట్-ఆల్-యూజ్-ఫస్ట్ (అప్పుడు ముందు ఎన్ని పేర్లు చూపాలో) 19 ఉంటాయి. వాటిని 4, 1 చేయండి. పక్కనే ఉన్న ఎట్-ఆల్-యూజ్-లాస్ట్‌ను తప్పక తీసేయండి, లేదంటే 'ఎట్ ఆల్' బదులు మూడు చుక్కలు, చివరి రచయిత పేరు వస్తాయి. సైటేషన్ (వాక్యాల మధ్య వచ్చే రిఫరెన్సు) ట్యాగ్‌కు విడిగా 3, 1 ఉంటుంది, అక్కడా 3ను 4 చేయాలి. ఇటాలిక్ కోసం, రచయితల నేమ్స్ ట్యాగుల్లో నేమ్ తర్వాత ఎట్-ఆల్ అనే ఎలిమెంట్ చేర్చి, ఫాంట్-స్టైల్ ఇటాలిక్ అని ఇవ్వండి.

తమిళ సహరచయితల పేర్లు తిరగబడటం మాత్రం స్టైల్ తప్పు కాదు. వాళ్ళ ఇనీషియల్ సాధారణంగా తండ్రి పేరుది. ఆర్. మురుగన్ అయితే ఎంట్రీలోనే మురుగన్‌ను ఇంటిపేరు గడిలో, ఆర్‌ను రెండో గడిలో పెట్టండి.

చివరగా వర్డ్‌లో డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌కు వెళ్ళి కొత్త స్టైల్ ఎంచుకోండి.