సంస్కృతం రాకుండా ఆశ్రమంలో వేదాంతం చదువుకోవచ్చా?

సంస్కృతం ముక్క రాదు, కొన్నాళ్లు సెలవు పెట్టి ఆశ్రమంలో వేదాంతం చదివితే మనశ్శాంతి దొరుకుతుందా అని అడిగారు. సంస్కృతం రాకపోయినా ఏం కాదు, అక్కడే నేర్పుతారు. మనశ్శాంతి సంగతే చెప్పలేను. దాని కోసం వచ్చినవాళ్లు చాలామంది మధ్యలోనే బ్యాగు సర్దుకోవడం చూశాను, ఎందుకంటే అది రిసార్టు కాదు, హాస్టలు లాంటిది. తెల్లవారకముందే లేవాలి, గుడి, క్లాసు, మళ్లీ క్లాసు, రాత్రికి అప్పజెప్పాల్సిన పాఠం.

నేను కోయంబత్తూరు దగ్గర ఆనైకట్టిలో చదివాను, దయానంద సరస్వతి స్వామి 1990లో పెట్టిన ఆర్ష విద్యా గురుకులం. బోధన ఇంగ్లీషులో. గీత, ఉపనిషత్తులు శంకర భాష్యంతో, అంటే ఆదిశంకరుల వ్యాఖ్యానంతో చెబుతారు, పక్కనే పాణిని సంస్కృత వ్యాకరణం నడుస్తుంది. వచ్చినవాళ్లలో సగం మందికి వేదాంతమంటే ముందు వరస కావాలి, వ్యాకరణం గంట అయ్యేసరికి తలనొప్పి!

మా బ్యాచ్‌లో రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన ఉండేవారు. ఒకరోజు రామ శబ్దం, అంటే 'రామ' అనే పదం ఒక్కో విభక్తిలో ఎలా మారుతుందో వరసగా చెప్పమంటే లేచి నిలబడి, "రామేణ రామాభ్యాం రామైః" అంటూ బాగానే లాగి, షష్ఠీ విభక్తి దగ్గర ఆగిపోయారు. వెనక నుంచి తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ "రామస్య రామయోః రామాణామ్" అని గుక్క తిప్పుకోకుండా పూర్తి చేసేసింది. అందరూ నవ్వారు. ఆయన మధ్యాహ్నం భోజనానికి కూడా రాలేదు. సాయంత్రం చూస్తే, కూరగాయలు తరిగే చోట ఆవిడ ఎదురుగా పీట వేసుకుని, "అమ్మా, నేను చెబుతాను, తప్పుంటే ఆపండి" అంటున్నారు. ఆవిడ బెండకాయలు తరుగుతూనే, తల ఎత్తకుండా, "మళ్లీ మొదట్నుంచి" అనేది. ఇది చాలా రోజులు సాగింది. తర్వాత గీత క్లాసులో రెండో అధ్యాయం 11వ శ్లోకం వచ్చినప్పుడు, "అశోచ్యానన్వశోచస్త్వం" అనగానే పుస్తకం మూసేసి, అశోచ్యాన్, అన్వశోచః, త్వమ్ అని ఆయనే విడదీసి చెప్పారు. ధ్యానంలో ఎంతసేపు కూర్చున్నా ఆ ముఖంలో అలాంటి వెలుగు నేను చూడలేదు. అందుకే అంటాను, ఎగ్గొడితే ధ్యానం ఎగ్గొట్టండి, వ్యాకరణం మాత్రం వద్దు.

అసలు ఈ బాధంతా మన ఇంటర్ చదువుల వల్లే. మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకోవడం, జవాబులు బట్టీ పట్టి నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకోవడం, ఒక్క విభక్తి గుర్తు లేకుండా బయటపడటం. అలాంటివాళ్లకంటే ఏమీ రాని మీరే నయం.

వెళ్లేముందు రెండు పనులు చేయండి. బోధన ఏ భాషలోనో ముందే కనుక్కోండి, ఋషీకేశ్ వైపు కొన్నిచోట్ల హిందీలోనే చెబుతారు. దీర్ఘకాలం కోర్సుకి దూకకుండా వారం రోజుల శిబిరానికి ముందు వెళ్లి చూడండి. అమెరికాలో ఉంటే పెన్సిల్వేనియాలో సేలర్స్‌బర్గ్‌లో ఇదే పరంపర గురుకులం ఉంది, 1986 నుంచి నడుస్తోంది. ఉల్లి, వెల్లుల్లి ఉండవు కాబట్టి కందిపొడి సీసా ఒకటి పెట్టుకోండి, కానీ పక్క గదివాళ్లకి కనబడనివ్వకండి, రెండు రోజుల్లో ఖాళీ చేస్తారు.