అమ్మను ఆఫీసుకు రావొద్దన్నాను, అక్కా

"అక్కా, మాది దేవరకొండ దగ్గర ఒక తండా. బీటెక్ నల్గొండలో చేశాను. ఆరేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీంలో ఉన్నాను. రెండేళ్ళ కింద కొత్త లీడ్ వచ్చాడు, మన తెలుగాయనే. మొదట్లో 'మీకేం, కోటాలో వచ్చేస్తారు' అనేవాడు. ఇప్పుడు నేను బగ్ రిపోర్ట్ పెడితే 'తండా రిపోర్ట్ వచ్చింది' అంటాడు, అందరూ నవ్వుతారు. కాల్‌లో అమెరికా క్లయింట్ వైపు ఒకాయన నా ఇంగ్లీషును వెక్కిరిస్తాడు, మా లీడ్ ఆయనతో కలిసి నవ్వుతాడు. మొన్న టీం ఔటింగ్‌లో అందరి ముందు నా నడుము వైపు చూస్తూ 'మీ లంబాడోళ్ళ డాన్స్ ఒకటి వెయ్' అన్నాడు. హెచ్‌ఆర్ మేడంకు చెప్తే 'సరదాకు అని ఉంటాడు, నేను మాట్లాడతాలే' అంది. ఆ తర్వాత నా రేటింగ్ తగ్గింది. మా ఆయన 'ఈఎంఐ ఉంది, సర్దుకుపో' అంటాడు. ఫ్యామిలీ డేకి అమ్మ వస్తానంటే, మా లంబాడీల పేట్యా కాంచళి (లంగా, అద్దాల రవిక) వేసుకుని వస్తుందని భయపడి వద్దన్నాను. ఇంకొకటి కూడా చెప్పాలి. మా టీంలో మణిపూర్ అబ్బాయి ఉన్నాడు. అతన్ని 'చింకీ' అంటారు, 'మోమో' అంటారు. నేనూ నవ్వాను, నాలుగైదు సార్లు. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. రిజైన్ మెయిల్ రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకున్నాను. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?"

చెల్లె,

లేదు, ఎక్కువ ఆలోచించట్లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇంత పెద్ద ఉత్తరంలో నువ్వు నన్ను అడిగిన ప్రశ్న ఇదొక్కటే, మిగతాదంతా నీ మీద నువ్వే రాసుకున్న చార్జిషీటులా ఉంది. నీ పనికి తండా పేరు పెట్టినవాడు ఒకడు, నీ మాటను వెక్కిరించినవాడు ఇంకొకడు, చెవిన పడ్డా పట్టించుకోనిది హెచ్‌ఆర్. నిద్ర పోయింది మాత్రం నీకు.

ఆ రిజైన్ మెయిల్ ఇప్పుడు పంపకు. ఎప్పటికీ ఆ కంపెనీలోనే ఉండిపొమ్మని నేను అనను, కానీ ఇవాళ పంపితే ఏం జరుగుతుందో చూడు: 'వ్యక్తిగత కారణాలు' అని రాయిస్తారు, నోటీసు పీరియడ్ అంతా అదే మనిషి కింద పనిచేస్తావు, చివరి రోజు కేక్ కట్ చేయించి ఫొటో దిగుతారు, తర్వాత నీ సీట్లోకి అచ్చంపేట నుంచో వనపర్తి నుంచో ఇంకో పిల్ల వస్తుంది, ఆ పిల్లను కూడా ఇట్లనే అంటారు, అప్పుడు ఆమె హెచ్‌ఆర్‌కు చెప్తే 'ఇంతకుముందు ఆయన మీద ఎప్పుడూ కంప్లైంట్ రాలేదమ్మా' అంటారు. నువ్వు నోటితో చెప్పింది ఎక్కడా ఉండదు కాబట్టి.

చట్టాల సంగతి చెప్తాను, కానీ దానికంటే ముందు మణిపూర్ అబ్బాయి. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ నాలుగు వాక్యాలే.

ఎందుకు నవ్వావో నాకు తెలుసు. వాళ్ళు అతన్ని అంటున్నంతసేపు నిన్ను అనరు, ఆ ఐదు నిమిషాలు నువ్వూ వాళ్ళలో మనిషివే. నాకు అర్థమైనంత మాత్రాన అది ఒప్పైపోదు, ఆ సంగతి నీకూ తెలుసు, తెలియకపోతే నాకు రాసేదానివి కాదు. 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన నీడో తానియా అనే కుర్రాణ్ణి ఒక షాపులో జుట్టు చూసి వెక్కిరించారు, గొడవైంది, కొట్టారు, చనిపోయాడు. దాని తర్వాత కేంద్రం వేసిన బెజ్‌బరువా కమిటీ అదే ఏడాది రిపోర్టు ఇచ్చింది, ఈశాన్య రాష్ట్రాల వాళ్ళను ఇట్లాంటి మాటలతో అవమానించేవాళ్ళ మీద కొత్త చట్టమైనా తేవాలి, ఉన్న చట్టమైనా సవరించాలి అంది. ఆ చట్టం రాలేదు. 'చింకీ' అన్నప్పుడల్లా నీ టీంలో ఆ అబ్బాయికి ఇవన్నీ గుర్తొస్తాయి. మీరంతా లంచ్‌కి పోతారు.

అతనితో మాట్లాడు. పక్కన ఎవరూ లేనప్పుడు, టీ తాగే దగ్గరో బస్ స్టాప్‌లోనో, 'ఆ రోజు నేనూ నవ్వాను, తప్పు చేశాను' అని చెప్పు. వెంటనే నీ కష్టాలు ఎత్తుకోకు, ముందు అతను ఏమంటాడో విను. కోపం రావచ్చు, 'సరేలే' అని లేచి వెళ్ళిపోవచ్చు, క్షమించాలని రూలేం లేదు. రేపు నీ తరఫున సాక్ష్యం చెప్తాడని లెక్కేసుకుని మాత్రం సారీ చెప్పకు, అట్లాంటి సారీ ఎదుటి మనిషికి తెలిసిపోతుంది.

కానీ నిజం కూడా చెప్పాలి కదా, ఇద్దరుంటే చాలా తేడా ఉంటుంది. ఊబర్‌లో సూసన్ ఫౌలర్ అనే ఇంజనీర్ పనిచేసేది. ఆమె మేనేజర్ పంపిన అసభ్యపు మెసేజ్‌లను స్క్రీన్‌షాట్లు తీసి హెచ్‌ఆర్‌కు ఇచ్చింది. ఆయన బాగా పనిచేసే మనిషి, ఇదే మొదటి తప్పు అన్నారు. తర్వాత కంపెనీలో మిగతా ఆడవాళ్ళతో మాటలు కలిస్తే తెలిసింది, అదే మనిషి మీద అంతకుముందే వేరేవాళ్ళు చెప్పారని, వాళ్ళకూ హెచ్‌ఆర్ అదే 'మొదటి తప్పు' కథ చెప్పిందని. 2017 ఫిబ్రవరిలో ఆమె అదంతా బయటపెట్టింది, జూన్‌కల్లా ఆ కంపెనీ పెద్దే దిగిపోవాల్సి వచ్చింది. హెచ్‌ఆర్ ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడినంత కాలం అక్కడ ఏమీ కదల్లేదు. నీ లీడ్ కూడా నీతో, ఆ అబ్బాయితో, బహుశా ఇంకెవరితోనో ఇట్లనే ఉన్నాడు, మీరు ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు అంతే.

అమ్మ విషయం.

నేను నల్గొండ నుంచి చదువుకోసం హైదరాబాద్ హాస్టల్‌కి పోయిన కొత్తలో, మా యాసలో ఏం మాట్లాడినా పక్క రూం వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. నెల రోజుల్లో యాస మార్చుకున్నా. సెలవులకు ఇంటికొచ్చి అదే భాషలో మాట్లాడితే మా అమ్మ చేతిలో చాట పక్కన పెట్టి 'ఎవరింటి పిల్లవే నువ్వు?' అంది. సరదాకే అంది, కానీ ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది. అందుకని నీ మీద నాకు కోపం లేదు. అద్దాలు కుట్టిన ఆ కాంచళి చూసి ఆ లీడ్ ఏమంటాడో నీకు ముందే తెలుసు, అమ్మను ఆ మాట నుంచి కాపాడుకుందాం అనుకున్నావు. అమ్మకు మాత్రం 'నన్ను చూసి సిగ్గుపడింది' అని అనిపించి ఉంటుంది. ఫోన్‌లో కాదు, ఊరికి పోయి, అమ్మతో మీ లంబాడీ భాష గోర్ బోలీలోనే, ఎందుకు వద్దన్నావో మొత్తం చెప్పు. ఆఫీసులో ఏమంటున్నారో కూడా చెప్పు. ఎండలో ఉపాధి పనికి పోయి పని చూసే మేట్‌లతో, మార్కెట్లో సేట్లతో మాట పడ్డ మనిషి ఆమె, నువ్వు అనుకునేంత తేలిగ్గా కూలిపోదు.

ఇప్పుడు పని సంగతి. ఒక నోట్‌బుక్ కొను, లాప్‌టాప్‌లో వద్దు. గుర్తున్నవన్నీ రాయి: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ మీటింగ్, ఎవరెవరు ఉన్నారు, ఆయన నోట్లోంచి వచ్చిన మాట వచ్చినట్టే, తెలుగైతే తెలుగులో, ఇంగ్లీషైతే ఇంగ్లీషులో. 'అవమానించాడు' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు, 'తండా రిపోర్ట్ వచ్చింది అన్నాడు' అని రాయాలి. ఇక మీదట ఏదైనా జరిగితే ఆ రాత్రే రాయి. పాత రేటింగ్ లెటర్లు, ఈసారి రేటింగ్, నువ్వు హెచ్‌ఆర్‌ను కలిసిన తేదీ, మూడూ ఒక దగ్గర పెట్టు, కంప్లైంట్ తర్వాతే రేటింగ్ పడిందని ఎవరు చూసినా తెలియాలి. ఒక జాగ్రత్త: ఆఫీసు మెయిళ్ళు, క్లయింట్ ఫైళ్ళు నీ సొంత మెయిల్‌కి పంపుకోకు. డేటా బయటికి తీసుకుపోయింది అని నీ మీదే కేసు తిప్పుతారు, ఒకసారి మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక పిల్లాడి విషయంలో నేను చూశాను, తప్పు చేసినవాడు సీట్లోనే ఉన్నాడు, వీడు బయటికొచ్చాడు.

హెచ్‌ఆర్ మేడంకు మెయిల్ పెట్టు. 'ఫలానా రోజు నేను మీకు ఇవి చెప్పాను, ఏం చర్య తీసుకున్నారో రాతలో తెలపండి' అని, మర్యాదగా, ఐదారు లైన్లు. ఆమె ఫోన్ చేసి 'మెయిల్ ఎందుకు, మాట్లాడుకుందాం రా' అంటుంది. వెళ్ళు, మాట్లాడు, సీటుకొచ్చి ఆమె అన్నదంతా మళ్ళీ మెయిల్ పెట్టు.

ఔటింగ్‌లో జరిగింది వేరే లెక్క. నడుము వైపు చూస్తూ డాన్స్ వెయ్‌మనడం లైంగిక వేధింపు కిందికి వస్తుంది, 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి పెద్దగా ఒక మహిళే ఉండాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి, విచారణ 90 రోజుల్లో ముగించాలి. కంప్లైంట్ హెచ్‌ఆర్‌కు కాదు, ఆ కమిటీకి రాతలో ఇవ్వాలి. చాలామంది అమ్మాయిలకు తెలియని ఒక విషయం: విచారణ నడిచేటప్పుడు ఆయన నీ పనికి రేటింగ్ ఇవ్వకుండా ఆపమని నువ్వు రాతలో అడగొచ్చు, వేరే టీంకి మార్చమని కూడా అడగొచ్చు. రెండూ అడుగు.

కులం పేరుతో అనడం ఆ కమిటీ పరిధి కాదు. ఉద్యోగాల్లో జాతి, రంగు, పుట్టిన దేశం పేరుతో వివక్షను ఆపే చట్టం అమెరికాలో 1964 నుంచి ఉంది, ప్రైవేటు ఉద్యోగాల్లో కులం, రంగు, ప్రాంతం పేరుతో వివక్ష మీద అట్లాంటిది మన దగ్గర లేదు. కానీ నువ్వు ఎస్టీవి, 1989 అట్రాసిటీ చట్టం నీకు ఉంది. ఎస్సీ, ఎస్టీ కాని మనిషి, నలుగురు చూస్తుండగా, అవమానించాలనే కులం పేరుతో అంటే అది నేరం. నలుగురు చూస్తుండగా అన్నది ఇక్కడ ముఖ్యం, నాలుగు గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్న మాట దీని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. ఔటింగ్‌లో అందరూ ఉన్నారు. వాళ్ళలో నిజం చెప్పేది ఎవరు అన్నదే నీ ముందున్న ప్రశ్న. పోలీస్ స్టేషన్‌కి పోవాలా వద్దా అన్నది లాయర్‌తో మాట్లాడాక నువ్వే తేల్చుకో, నేను తోయను, ఆపను. ఎస్టీ మహిళగా నీకు ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి, న్యాయ సేవల నంబర్ 15100. అట్రాసిటీ విషయాలకు 14566 ఉంది.

ఆ అమెరికా ఆయన సంగతి. అక్కడి చట్టం హైదరాబాద్‌లో కూర్చుని పనిచేసే నీకు వర్తించదు, అది చెప్పకుండా నీకు ఆశ పెట్టలేను. అయితే పెద్ద క్లయింట్ కంపెనీలకు చాలావాటికి తప్పుడు ప్రవర్తన మీద ఫిర్యాదు చేసే ఎథిక్స్ కంప్లైంట్ లైన్ ఉంటుంది, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు కూడా దానికి రాయొచ్చేమో వాళ్ళ రూల్స్ చదివి చూడు. ఈ లీడ్ పని ముందు కానివ్వు, రెండూ ఒకేసారి ఎత్తుకోకు. ఇంకో సంగతి, మనవాళ్ళ కులం కూడా వీసా వేయించుకుని అక్కడిదాకా పోయింది. సిస్కో అనే అమెరికా టెక్ కంపెనీలో ఒక దళిత ఇంజనీర్‌ను మన దేశం నుంచి వెళ్ళిన పై కులాల మేనేజర్లే వేధించారని 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ కేసు వేసింది, కంపెనీ ఒప్పుకోలేదు, మేనేజర్ల మీద కేసును 2023లో ఆ శాఖే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీదది మాత్రం ఆపలేదు. అదే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 'ఐటీలో కులం ఎక్కడుంది' అని నీ హెచ్‌ఆర్ మేడం అన్నప్పుడు నువ్వు తడబడకూడదు.

మీ ఆయనతో. ఈఎంఐ అబద్ధం కాదు, ఆ భయాన్ని నేను తీసిపారేయను. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని లెక్క రాయండి: నీ జీతం లేకుండా ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది, బంగారం ఎంత ఉంది, ఆరు నెలలకు సరిపడా చేతిలో ఉండాలంటే ఎన్నాళ్ళు పడుతుంది. ఇంటర్వ్యూలు ఈ వారం నుంచే మొదలుపెట్టు, కంప్లైంటూ ఇంటర్వ్యూలూ పక్కపక్కనే నడవొచ్చు. ఆ లెక్క అయ్యాక నా ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. అన్నా, మీకే చెప్తున్నా: సర్దుకుపో అన్న మాట ఆఫీసులో ఆమె రోజూ వింటున్నదే, ఇంట్లో కూడా అదే వింటే ఇక ఆమె ఎవరితో చెప్పుకోవాలి? ఆమె తరఫున మీరు గొడవకు పోవాల్సిన పనిలేదు. రాత్రి ఆమె నోట్‌బుక్ రాసుకునేటప్పుడు పక్కన కూర్చోండి.

నిద్ర గురించి ఆలస్యం చేయకు, చెల్లె. ఇంకో రెండు వారాలు ఇట్లనే ఉంటే డాక్టర్‌ను కలువు, అంతలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు ఉండవు.

కమిటీకి కంప్లైంట్ ఇవ్వడానికి మూడు నెలలు గడువు. సరైన కారణం చూపిస్తే ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు, కానీ దాని మీద నమ్మకం పెట్టుకోకు. ఔటింగ్ ఎప్పుడైందో నువ్వు తేదీ రాయలేదు. ముందు అది చూసుకుని నాకు రాయి.