మనిషిని కాదు, పనిని మాట్లాడుకో

అమ్ములూ,

వెబ్‌సైట్‌కి ఒకరిని, లోగోకి ఒకరిని, లెక్కలకి ఇంకొకరిని కాంట్రాక్టు మీద పెట్టుకుంటున్నానని రాశావు. మంచిదే, నెలనెలా జీతాలిచ్చే రోజులు నీకింకా రాలేదు. నా చేతులు కాలిన చోట్లు మాత్రం చెప్తాను.

మొదటిసారి సైట్ చేయించినప్పుడు ఆ కుర్రాడూ నేనూ రాసుకున్నది ఒక్క ముక్క: ‘సైట్ బాగా రావాలి’. బాగా అంటే ఏమిటో అతనికీ తెలీదు, నాకూ తెలీదు. ఏడోసారి మార్పులు అడిగేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. అందులో అతని తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. అసలు దెబ్బ తర్వాత తగిలింది. డొమైన్, అంటే సైట్ పేరు, అతని ఈమెయిల్ మీద ఉంది. రెన్యువల్ నోటీసులన్నీ అటే పోయాయి, ఒక పొద్దున చూస్తే సైట్ లేదు.

అందుకని డొమైన్, హోస్టింగ్ (సైట్ ఫైళ్ళుండే చోటు) నీ పేరు మీద నువ్వే కొను. ఒప్పందంలో ‘ఐదు పేజీలు, ఫోన్‌లో సరిగ్గా తెరుచుకోవాలి, రెండు విడతల మార్పులు ఈ డబ్బులోనే, మూడో విడతకి వేరే’ అని లెక్కగా రాయి. డబ్బు మూడు భాగాలు చెయ్యి. చివరి భాగం ఫైళ్ళన్నీ నీ చేతికొచ్చిన రోజునే ఇచ్చెయ్, ఒక్క రోజు కూడా లాగకు. డబ్బు ఆలస్యం చేసేవాళ్ళ దగ్గరికి మంచి పనివాళ్ళు రెండోసారి రారు.

లోగోకి డబ్బిచ్చాను కాబట్టి అది నాదే అనుకోకు. చాలా దేశాల్లో, రాతపూర్వకంగా రాసివ్వకపోతే, కాపీరైట్ గీసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. ‘డబ్బు ముట్టగానే హక్కులన్నీ నావి’ అని రాయించి సంతకం పెట్టించుకో.

ఇంకొకటి. తొమ్మిదికల్లా లాగిన్ అవ్వాలి, ఇంకెవరి పనీ చేయకూడదు అంటే వాళ్ళని ఉద్యోగుల్లా చూస్తున్నట్టే. కాగితం మీద కాంట్రాక్టర్ అని రాసుకున్నా నిలబడకపోవచ్చు. 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్ల కేసులో ఒప్పందంలోని మాటల కంటే అదుపు ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యమని చెప్పింది. డ్రైవర్లు సొంతంగా పని చేసుకునేవాళ్ళన్న ఊబర్ వాదన ఒప్పుకోలేదు. కనీస వేతనం, జీతంతో సెలవులు వాళ్ళకీ వర్తిస్తాయని తేల్చింది. నీకు ఏ రూల్ వర్తిస్తుందో, పన్ను ఎవరు కట్టాలో ముందే ఆడిటర్ని ఒకమాట అడుగు.

మనిషి ఎలాంటివాడో ఎలా తెలుస్తుందంటావా? ఒక చిన్న పనిచ్చి చూడు, దానికీ డబ్బివ్వు. ఉచితంగా శాంపిల్ అడగడం నాకు నచ్చదు. ఇదివరకు వాళ్ళతో చేయించుకున్నవాళ్ళకి ఫోన్ చేసి ‘మళ్ళీ ఇస్తారా?’ అని అడుగు. జవాబు కంటే ముందు ఎంతసేపు ఆగారో విను.

లెక్కలు చూసే ఆయనకి మాత్రం ఎంత నమ్మకమున్నా బ్యాంకు పాస్‌వర్డ్ ఇవ్వకు. స్టేట్‌మెంట్లు చాలు. ఓటీపీ నీ ఫోన్‌కే రావాలి.

పెదనాన్న