యూకేలో ఎమ్మెస్సీ చదువుతూ క్యారెక్టర్ ఆర్టిస్ట్ అవుతానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీటెక్ అయ్యాక ఎమ్మెస్సీకి లీడ్స్ వెళ్లింది, చదువుకి బ్యాంకు లోన్ తీసుకున్నాం. అక్కడ యూనివర్సిటీ డ్రామా క్లబ్‌లో చేరినప్పటి నుంచి నటన పిచ్చి పట్టింది. హీరోయిన్ అవుతానని కాదు, చిన్న చిన్న పాత్రలు వేస్తూ, గొంతు అరువిస్తూ బతికేవాళ్లు బోలెడంతమంది ఉన్నారమ్మా అంటోంది. ఎవరో స్టూడియో వాళ్లు వీడియో గేమ్‌లో వాయిస్ చెప్తే 200 పౌండ్లు ఇస్తామన్నారట. మావారికి ఒకటే టెన్షన్. వద్దని చెప్పమంటారా?

జవాబు: అమ్మా, నటన సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు ఆ 200 పౌండ్లు తీసుకోవద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, పీజీ చదివేవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చని మన పిల్లలందరికీ తెలుసు, కానీ ఆ 20 గంటల్లో కూడా కొన్ని పనులు చేయకూడదని చాలామంది చదవరు. ఫ్రీలాన్స్‌గా, అంటే సొంతంగా ఇన్‌వాయిస్ రాసి డబ్బు తీసుకోవడం కుదరదు. ఎంటర్‌టైనర్‌గా పని చేయడం కూడా కుదరదు, నటన అందులోకే వస్తుంది. కేఫ్‌లో కాఫీ కలపొచ్చు గానీ స్టూడియోలో నాలుగు డైలాగులు చెప్పి డబ్బు తీసుకోకూడదు, విచిత్రంగా ఉన్నా రూల్ అదే. హైదరాబాద్ స్టూడియో కోసం లీడ్స్ గదిలో కూర్చుని రికార్డ్ చేసి పంపినా తప్పే, ఎందుకంటే పని జరిగింది బ్రిటన్‌లో. యూనివర్సిటీ క్లబ్‌లో సరదాగా నాటకాలు వేసుకోవడానికి ఇబ్బంది లేదు. బయటివాళ్లు ఎవరు పిలిచినా, డబ్బు ఇవ్వకపోయినా సరే, ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సలహాదారుని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోమనండి.

అసలు దారి కోర్సు అయ్యాక తెరుచుకుంటుంది. గ్రాడ్యుయేట్ వీసా వస్తే ఉద్యోగం చేయొచ్చు, ఫ్రీలాన్స్ చేయొచ్చు, నటించొచ్చు కూడా. పీజీ చేసినవాళ్లకి అది రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి మాత్రం 18 నెలలే, పొడిగింపు ఉండదు. ఆ తర్వాత నటన మీదే అక్కడ ఉండాలంటే స్పాన్సర్ కావాలి, లేదా పెద్ద అవార్డుల స్థాయిలో పేరు రావాలి. చిన్న పాత్రలు వేసేవాళ్లకి ఈ రెండూ దొరకడం కష్టం, అబద్ధం చెప్పను. మీ అమ్మాయి హాలీవుడ్‌లో నటించే మన తెలుగమ్మాయి అవంతిక వందనపు పేరు ఎత్తి ఉంటుంది, 2024 మీన్ గర్ల్స్ సినిమా వచ్చాక ఈ ఉత్తరాలు రాసే పిల్లలందరూ ఎత్తుతున్నారు. ఆ అమ్మాయి పుట్టిందే కాలిఫోర్నియాలో. వీసా బెడద లేని మనిషితో మీ అమ్మాయిని పోల్చుకుంటే లెక్క తప్పుతుంది.

పోల్చుకోవాలంటే ఎరిక్ అవారి అనే నటుణ్ణి చూడమనండి. డార్జిలింగ్‌లో పుట్టిన పార్సీ, అమెరికా వెళ్లి స్థిరపడ్డాడు. 1994 స్టార్‌గేట్, 1999 ది మమ్మీ సినిమాల్లో ఉన్నాడు. పేరు చెప్తే ఎవరూ గుర్తుపట్టరు, ముఖం చూస్తే మాత్రం "ఓహ్ ఈయనా" అంటారు. క్యారెక్టర్ ఆర్టిస్ట్ జీవితం అంటే అదే. మన మనిషి అక్కడ ఎప్పుడూ భారతీయుడి పాత్రే వేయాలని లేదు, ఆయనకి మమ్మీలో దక్కింది ఈజిప్టు మ్యూజియం అధికారి పాత్ర. నటుడు సయీద్ జాఫ్రీది ఇంకో దారి. ఢిల్లీ ఆలిండియా రేడియోలో ఇంగ్లీష్ అనౌన్సర్‌గా చేశాడు, లండన్ వెళ్లాక బీబీసీ రేడియోకి రాసి, చదివి నిలదొక్కుకున్నాడు. 1982 గాంధీలో పటేల్‌గా మనందరం చూసింది ఆ గొంతునే.

అందుకే నా ఓటు గొంతుకి. ఆడియోబుక్కులు, గేములు, కంపెనీల ట్రైనింగ్ వీడియోలు, రేడియో నాటకాలు, వీటికి రూపం, రంగు అడ్డురావు. షూటింగ్‌కి రమ్మంటే ఉద్యోగంలో సెలవు దొరకదు, రికార్డింగ్ అయితే సాయంత్రం ఇంట్లో చేసుకోవచ్చు. బట్టల అలమరలో మైక్ పెట్టుకుని మొదలుపెట్టినవాళ్లు చాలామంది. ఇప్పటి నుంచి డబ్బుతో పని లేకుండా నేర్చుకోవాల్సింది బోలెడు ఉంది: రోజూ గట్టిగా చదవడం, లీడ్స్ యాసని చెవితో పట్టుకోవడం, తన తెలుగు ఇంగ్లీష్ యాసని దాచకుండా అవసరమైనప్పుడు మార్చగలగడం, నిమిషంన్నర వాయిస్ రీల్, అంటే తన గొంతు నమూనాల రికార్డింగ్, తయారుచేసుకోవడం. తెలుగు, హిందీ చదవగలనని దాంతోపాటు తప్పకుండా రాయాలి. స్పాట్‌లైట్ అని 1927 నుంచి ఉన్న నటుల డైరెక్టరీ ఒకటుంది, కాస్టింగ్ వాళ్లు చూసేది ఎక్కువగా దాన్నే. అందులో చేరాలంటే శిక్షణో, ప్రొఫెషనల్‌గా చేసిన పాత్రో చూపించాలి, కాబట్టి అది వీసా మారాకే.

బతకొచ్చా అంటే, నటన ఒక్కదాని మీద ఆ లోన్ తీరదు. అమెరికా నటుల యూనియన్‌లో 2023లో ఆరోగ్య బీమాకి అర్హత రావాలంటే ఏడాదికి 26,470 డాలర్ల సంపాదన ఉండాలి, సభ్యుల్లో ఎక్కువమంది ఆ గీత కూడా దాటరు. కొమ్ములు తిరిగిన దేశంలోనే పరిస్థితి అది. కాబట్టి ఎమ్మెస్సీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కోవాలి, వాయిస్ పని పక్కన నడవాలి. ఇది రాజీ అని మీ అమ్మాయికి అనిపించొచ్చు, కానీ అక్కడి నటుల్లో చాలామందికి పగటి ఉద్యోగం ఒకటి ఉంటుంది. ఏదైనా కంపెనీ స్పాన్సర్ చేసి వీసా మార్చుకుంటే, దాని మీద బయట పని ఎంతవరకు చేయొచ్చో అప్పుడు మళ్లీ లాయర్ని అడగాల్సిందే.

ఇక మోసాల సంగతి, ఇది మీవారికి కూడా చదివి వినిపించండి. ఏజెంట్ అనేవాడు మీ అమ్మాయి సంపాదించాక కమిషన్ తీసుకుంటాడు. ముందే ఫొటోలకి, రిజిస్ట్రేషన్‌కి వందల పౌండ్లు కట్టమంటే ఫోన్ పెట్టేయడమే. గేమ్ వాళ్లయినా, యాప్ వాళ్లయినా అగ్రిమెంట్‌లో "ఏ విధంగానైనా, ఎప్పటికీ వాడుకుంటాం" అన్న మాట కనిపిస్తే ఆగమనండి, ఆ గొంతుతో ఏఐ నమూనా తయారుచేసుకుని ఇక పిలవకుండా ఉండటానికి అది చాలు. అమెరికాలో గేమ్ వాయిస్ ఆర్టిస్టులు 2024 జూలైలో సమ్మెకి దిగింది ప్రధానంగా దీని గురించే. బ్రిటన్‌లో ఈక్విటీ అనే నటుల యూనియన్ ఉంది, పని మొదలయ్యాక అందులో చేరితే అలాంటి కాగితాలు సంతకం పెట్టకముందే వాళ్లకి చూపించుకోవచ్చు.