సర్పంచ్‌ను లెక్క అడగడం ఎలా? మా ఊరి మోరీ చెప్పిన సంగతి

గెలిచాక సర్పంచ్ ముఖం చూపించడం లేదు, ఐదేళ్లు ఓపిక పట్టడం తప్ప దారి లేదా అని అడిగారు. ముందే చేదు మాట చెప్తాను. గెలిచినవారిని మధ్యలో దింపే హక్కు ఓటరుకు లేదు. తొలగించే అధికారం కలెక్టర్‌ది. అందుకే మనిషిని వదిలేసి కాగితం వెంట పడమంటాను. మాది పరకాల దగ్గరి ఊరు. 2022లో నాకు ఇది తెలిసివచ్చింది.

మా వాడలో మురుగు కాలువ కట్టారు, మేం మోరీ అంటాం. అది బడి గోడ దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకని అడిగితే "ఎస్టిమేటు అంతే" అన్నారు. గ్రామసభలో గొంతు చించుకున్నాను, చప్పట్లు పడ్డాయి. మర్నాడు సభ రిజిస్టర్ ఇంటింటికీ తిరిగింది. నేనూ చదవకుండానే సంతకం చేశాను! నా ప్రశ్న ఊసే అందులో లేదని తర్వాత తెలిసింది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. అక్కడ నోటితో అడిగింది గాలికి పోతుంది. కాగితం మీద రాసి ఇవ్వండి, ముట్టినట్టు నకలు మీద సంతకం తీసుకోండి.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. "పని ఎందుకు ఆపారు?" అని మాత్రం రాయకండి. అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ఫలానా పని అంచనా, పంచాయతీ తీర్మానం, ఎంబీ, బిల్లు వోచరు నకళ్లు కావాలని అడిగాను. ఎంబీ అంటే ఇంజనీరు పని కొలిచి రాసే పుస్తకం. బిల్లు దాన్నిబట్టే వస్తుంది. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టు ఉండనే ఉంది. గడువు 30 రోజులు. నాకు ఆ గడువులో ఉలుకూ పలుకూ లేదు. పై అధికారికి మొదటి అప్పీలు వేశాక వారంలో కాగితాలు వచ్చాయి.

ఎంబీలో మోరీ పొడవు 120 మీటర్లు. మేస్త్రీ దగ్గర 30 మీటర్ల టేపు అడిగి తెచ్చాను. ఆదివారం పొద్దున్నే మహిళా సంఘం అక్కలు ఇద్దరు, నేను కొలిచాం. మూడోసారి పరిస్తే ఆరు మీటర్ల టేపు మిగిలిపోయింది. మొత్తం 84. నమ్మకం కలగక ఈసారి బడి గోడ నుంచి వెనక్కి కొలిచాం. అదే 84.

సర్పంచ్ నాకు వరసకు బావ. సాయంత్రానికే వచ్చాడు. "ఏం బావా, ఇంటికొచ్చి ఛాయ్ తాగుతూ అడిగితే చెప్పేవాణ్ణి కదా, నలుగురిలో టేపు పట్టుకుని పరువు తీస్తావా?" అన్నాడు. అప్పటికి ఆయనింట్లో నాలుగుసార్లు ఛాయ్ తాగాను. పొడవెంతో మాత్రం ఆయన నోట రాలేదు.

సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లాం. ఎంబీ నకలు, ఫొటోలు, వాడలో పదకొండు మంది సంతకాలు జతచేసి రశీదు తీసుకున్నాం. ఒంటరిగా వెళ్తే అది పాత పగ అంటారు, పదకొండు మందిని చూశాక ఆ మాట రాలేదు. వేరే ఇంజనీరు వచ్చి మళ్లీ కొలిచాడు. మిగిలిన 36 మీటర్లు నెలన్నరలో కట్టారు. ఎవరి మీదా చర్య తీసుకోలేదు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మీరు నాలా పని అయ్యాక మేలుకోకండి. బిల్లు చెల్లించకముందే అడిగితే సగం పోరు తప్పుతుంది. పంచాయతీ చెల్లింపులు ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో కనిపిస్తాయి, నెలకోసారి చూస్తూ ఉండండి. పనిని దగ్గరుండి తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనా తీసుకోవడానికి కూడా 2005 సమాచార హక్కు చట్టం వీలిస్తుంది. సిమెంటు మీద అనుమానం ఉంటే అదీ అడగండి. హనుమకొండలోనో వరంగల్‌లోనో ఉంటే కార్పొరేషన్‌లో 66 డివిజన్లున్నాయి, మీ డివిజన్ పనికీ ఎంబీ ఉంటుంది.

చుట్టరికం సంగతి కూడా చెప్పాలి. ఏడాదిపాటు బావ మా గుమ్మం తొక్కలేదు. కూతురి పెళ్లి పత్రిక పిల్లవాడి చేతికిచ్చి పంపాడు. పెళ్లికి వెళ్లాను. వడ్డన దగ్గర నన్ను చూసి, "మోరీ నిండుతోందా?" అన్నాడు. నీళ్లు పోతున్నాయనే చెప్పాను.